సమాధుల తోటలో వయ్యారిభామ



నేను హిందూపురంలో ముప్పై ఏళ్ళు బడిపంతులమ్మగా పనిచేసి, విశ్రాంతి తీసుకుంటున్న దానను. మా సొంత ఊరు పెనుకొండ దగ్గర. ఊరి బయట రైలు కట్టకు ఇవతల మా సంఘపు సమాధుల తోట ఉంది. మా అమ్మానాన్నలు, మా జేజి, 2018లో ప్రభువునందు నిద్రించిన మా అన్న, అందరూ అక్కడే ఉన్నారు. ఈస్టరు నాడు తెల్లవారుజామున అక్కడ కూడుకొని ఆరాధన చేయడం మా తాతల నాటి నుండి ఉన్న ఆచారం. ఆ పండుగ నిమిత్తం తోటను శుభ్రం చేయించే పని స్త్రీల మైత్రిది. చాలా ఏళ్ళుగా ఆ పని నా చేతి మీదుగానే జరుగుతున్నది.

నేను వ్రాస్తున్నది ఆ పనిలో నేను చేసిన ఒక తప్పును గురించి. నా తప్పు కారణంగా మా వదిన పదిహేను రోజులు కళ్ళు తెరవలేకపోయింది.

మా వదిన పుట్టింటి నుండి మెట్టినింటి వరకు చేను పనే ఎరిగిన మనిషి. చెనక్కాయ చేలో కలుపు తీయడానికి ఆమె దిగితే ఇద్దరు కూలీల సాలు ఒక్కతే లాగేది. నలభై ఏళ్ళు దాటిన తరువాత ఆమెకు మెడ మీద, మోచేతి మడతల్లో, కనురెప్పల మీద దురద మొదలైంది. వానాకాలంలో ఎక్కువ, ఎండాకాలంలో కాస్త తక్కువ. సబ్బు మార్చాము. నూనె మార్చాము. వంకాయ మానిపించాము, చేపలు మానిపించాము. మెడికల్ షాపులో ఎవరో ఇచ్చిన పూత మందు రాస్తే వారం రోజులు తగ్గి, ఆపిన వెంటనే రెట్టింపైంది. అట్లా ఏడాదిన్నర రాసుకుంటే ముఖం చర్మం ఉల్లిపొర లాగా పలచబడిపోయింది. ఆ మందులను డాక్టరు చెప్పకుండా ముఖానికి రాయకూడదని మాకు ఆలస్యంగా తెలిసింది.

దురద కన్నా ఆమెను ఎక్కువ బాధపెట్టింది మనుషులు. ముఖం నల్లబడి, మందంగా, గీతలు గీతలుగా మారేసరికి గుడిలో ఆమె పక్కన కూర్చునేవారు ఒక్కొక్కరే జరిగి కూర్చున్నారు. ఎవరూ నోరు తెరిచి ఏమీ అనలేదు. సంస్కారపు బల్ల దగ్గర మాత్రం ఆమె అందరికంటె చివర నిలబడడం నేర్చుకున్నది. ఇది వ్రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. జరిగి కూర్చున్న వారిలో మా బంధువులే ఎక్కువ.

చివరకు మా అన్న ఆమెను బెంగళూరులో పెద్దాసుపత్రికి తీసుకొని వెళ్ళాడు. అక్కడి చర్మ వ్యాధుల డాక్టరమ్మ వీపు మీద చిన్న చిన్న పట్టీలు వరుసగా అతికించి, రెండు రోజుల తరువాత తీసి చూసి, మళ్ళీ నాలుగో రోజు చూసింది. ఒక్క పట్టీ కింద మాత్రం చర్మం ఎర్రగా ఉబ్బి ఉంది. "అమ్మా, ఇది అంటురోగం కాదు. మీ చేలల్లో, దారుల్లో తెల్లపూల మొక్క ఉంటుందే, దాని వలన వచ్చింది. మందులతో అణుగుతుంది గాని మొక్కకు దూరంగా ఉండడమే అసలు మందు" అని చెప్పింది.

ఆ మొక్క వయ్యారిభామ. మా వైపు కాంగ్రెస్ గడ్డి అంటారు. ఆకులు క్యారెట్ ఆకుల్లా చీలి ఉంటాయి గనుక ఉత్తరాది వారు దాన్ని గాజర్ ఘాస్ అంటారు. శాస్త్రజ్ఞుల పేరు పార్థీనియం. పుట్టిల్లు అమెరికా ఖండాలు. మన దేశంలో 1955లో పూణె దగ్గర గుర్తించారు. అమెరికా నుండి వచ్చిన గోధుమలతో కలిసి వచ్చిందని పెద్దలు చెప్పుకుంటారు. హిందూపురం నుండి పెనుకొండ, పుట్టపర్తి మీదుగా ధర్మవరం దాకా రైల్లో వెళ్ళే వారు వానాకాలంలో కిటికీలోంచి ఒకసారి చూడండి. కట్టకు ఇరువైపులా తెల్లగా పిండి చల్లినట్లు కనిపించేదంతా అదే. పశువులు దాన్ని ముట్టవు. మేత లేక ముట్టినా పాలు చేదెక్కుతాయి. ఆకుల మీద, కాడల మీద ఉండే సన్నని నూగులో పార్థీనిన్ అనే పదార్థం ఉంటుంది. అదే కొందరి చర్మానికి పడదు. అందరికీ అట్లా జరగదు. ఏళ్ళ తరబడి తాకిన తరువాత కొందరి శరీరం తిరగబడుతుంది. ఒకసారి తిరగబడితే ఇక జీవితాంతం దాన్ని మరువదు. పచ్చి మొక్క తాకితేనే కాదు, ఎండిన మొక్క పొడి గాలిలో వచ్చి ముఖం మీద పడినా చాలు.

ఈ చివరి మాట నేను విన్నాను గాని మనసులో పెట్టుకోలేదు.

అన్న పోయిన తరువాత వదిన ధర్మవరంలో కూతురింటికి చేరింది. అల్లుడు మగ్గం మీద ఉంటాడు. ఈమె నీడపట్టున కూర్చుని కండెలు చుట్టుతుంది. చేను లేదు, కసువు లేదు, ముఖం చాలా నయమైంది. కాని మా అన్న సమాధి దగ్గరకు రాలేకపోయింది. 2019 ఈస్టరుకు వచ్చి, గేటు దగ్గర నడుమెత్తు మొక్కలు చూసి, రోడ్డు అవతలే ఆగిపోయింది. 2020లో కరోనా. 2021లో కూడా రాలేదు. 2022లో నేనే ఫోన్ చేశాను. "వదినా, ఈసారి నువ్వు రా. శనివారమే మనుషుల్ని పెట్టి మొత్తం కోయిస్తాను. ఒక్క పుల్ల ఉండదు. నాదీ పూచీ" అన్నాను.

శనివారం ఎనిమిదిమందిమి దిగాము. మొక్కలన్నీ ఎండి కట్టెల్లా ఉన్నాయి. కొడవళ్ళతో కోశాము, గోడ వారకు ఈడ్చాము, పొరకలతో సమాధుల మీద దుమ్మంతా ఊడ్చాము. సాయంత్రం కుప్పకు నిప్పు పెట్టాము. చూడడానికి ఎంతో అందంగా ఉంది. సున్నం వేసిన సమాధులు, ఊడ్చిన నేల. అయ్యగారు వచ్చి చూసి మెచ్చుకున్నారు కూడా.

ఆదివారం చీకటితోనే వదిన వచ్చింది. అన్న సమాధి మీద చేయి పెట్టి చాలాసేపు కూర్చుంది. కొంగుతో రాతి మీద దుమ్ము తుడిచింది. అదే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మధ్యాహ్నానికి రెప్పలు ఉబ్బాయి. రాత్రికి ముఖం గుర్తు పట్టలేనట్లు అయింది. ధర్మవరంలో డాక్టరు దగ్గరకు తీసుకొని పోతే, "ఎక్కడ తిప్పారు ఈమెను?" అని కోప్పడ్డాడు. ఎండిన మొక్కలను కోసి, ఈడ్చి, ఊడ్చి, ఆ పొడినంతా లేపి సమాధుల మీద పరిచి పెట్టినది మేమే కదా!

వదిన నన్ను ఒక్క మాట అనలేదు. అమెరికాలో డాలస్‌లో ఉన్న ఆమె కొడుకు, నా మేనల్లుడు, ఫోన్ చేశాడు. వాడు కోపంగా ఉంటాడని భయపడుతూ ఎత్తాను. తల్లి సంగతి అడిగి, కాసేపు ఊరకుండి, "అత్తా, మీరు కోయడం ఎప్పుడు చేసినారు?" అన్నాడు. పండుగ ముందు రోజు అన్నాను. "అప్పటికి అది విత్తనం రాల్చేసి ఉంటుంది కదత్తా. పని ఎప్పుడో జరగాల్సింది" అన్నాడు.

వాడి ఇంటి ముందు పచ్చిక ఉంది. అక్కడ ఇంటి ముందు పచ్చిక పాడైతే వీధిలో వాళ్ళు ఉత్తరం పంపుతారట! ఆ పచ్చికలో క్రాబ్‌గ్రాస్ అనే కలుపు గడ్డి వస్తుందట. వచ్చాక పెరికేది కష్టం. అందుకని చలికాలం పోతుండగానే, నేల రెండు మూడు అంగుళాల లోతున పదమూడు డిగ్రీల వెచ్చదనానికి రాగానే, అంటే వాళ్ళ ఊర్లో ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో, మొలవకుండా ఆపే గుళికలు చల్లుతారు. రెండు వారాలు ఆలస్యమైతే డబ్బు దండగ. "తేదీ చూసి కాదత్తా, నేల చూసి చల్లాల" అన్నాడు. ఏం మందురా అది అని అడిగితే డబ్బా చదివి, "పెండిమిథాలిన్" అన్నాడు.

నాకు నవ్వు వచ్చింది. ఆ పేరు మా ఊర్లో చెనక్కాయ వేసే ప్రతి ఇంట్లోనూ తెలుసు.

ముంగారు వానకు చెనక్కాయ విత్తిన రోజు గాని, మరుసటి రోజు గాని, ఎట్లాగైనా మూడు రోజుల లోపల, నేల తడిగా ఉండగానే ఎకరాకు లీటరూ మూడు వందల నుండి లీటరూ ఆరు వందల మిల్లీలీటర్ల దాకా ఆ మందును రెండు వందల లీటర్ల నీళ్ళలో కలిపి కొడతారు. వెనక్కి నడుస్తూ కొడతారు, కొట్టిన చోట కాలు పడితే పైన పరుచుకున్న మందు పొర చెదిరిపోతుందని. ఆ పొర మొలకెత్తే కలుపు గింజ వేరును, మొలకను ఎదగనివ్వదు. చెనక్కాయ గింజ లోతున పడి ఉంటుంది గనుక దానికి హాని లేదు. కాని అప్పటికే పైకి వచ్చిన మొక్కను అది ఏమీ చేయలేదు. నాలుగో రోజో, ఐదో రోజో తీరిక చిక్కి కొట్టినవాడు డబ్బా ఖర్చు పెట్టుకొని ఉత్త నీళ్ళు కొట్టినట్లే. తరువాత ఇరవై, ఇరవై అయిదు రోజులకు ఒకసారి కలుపు తీస్తారు. నలభై అయిదు రోజులు దాటితే ఊడలు నేలలోకి దిగుతుంటాయి గనుక ఎవరినీ చేలో కాలు పెట్టనివ్వరు. కలుపు ఉన్నా వదిలేస్తారు. మా జిల్లాలో వాన తక్కువ. ఆ కొద్ది తడినీ మొదటి నెలన్నర కలుపు తాగిందంటే కాయ ఊరదు.

చేలో ఈ లెక్కంతా ఎరిగిన మేము సమాధుల తోటకు వచ్చేసరికి పండుగ తేదీ చూసి కసువు పెరుకుతున్నాము. డాలస్‌లో ఉద్యోగం చేసుకునే పిల్లవాడు చెప్తే గాని నాకు తోచలేదు.

మరుసటి ఆదివారం ఆరాధన తరువాత ఈ మాట స్త్రీల మైత్రిలో ఎత్తాను. అక్కడే వింటున్న సంఘ పెద్ద, డెబ్బై ఏళ్ళ రైతు, మాకు వరసకు మామ అవుతాడు, గట్టిగా నవ్వాడు. "పూసినాక కాంగ్రెస్ గడ్డి పెరికేది విత్తనం ఎదజల్లేదే కదమ్మా. ఇన్నేండ్లూ మీరు ఆడ శుభ్రం చేయలా, సేద్యం చేసినారు" అన్నాడు. ఆయన ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. "ఆడోళ్ళ సంఘం పనిలో నేనెందుకు తల దూర్చాల?" అన్నాడు. మన సంఘాల్లో పనులు ఇట్లాగే ఉంటాయి.

వ్యవసాయ శాఖలో పనిచేసే మా సంఘపు అబ్బాయి ఒకడు మిగతాది వివరించాడు. ఈ మొక్కకు కాలమంటూ లేదు. తడి తగిలితే మొలుస్తుంది. మొలిచిన కొత్తలో ఆకులు నేలకు అతుక్కొని చక్రంలా పరుచుకొని ఉంటాయి. నాలుగు వారాలు దాటాయంటే కాడ లేచి పూత మొదలు. ఒక్కొక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది, పదివేలకు పైన కూడా. ఆ గింజలు గాలికి, వాన నీళ్ళకు, బండి చక్రాలకు, మేకల గిట్టలకు పట్టుకొని పోతాయి. మట్టిలో లోతుగా పూడినవి ఏళ్ళ తరబడి చావకుండా ఉంటాయి. "అత్తా, మీ సమాధుల తోటకు ఇంత ఎట్ల వచ్చిందో తెలుసునా? ఆ గుంతలు పూడ్చేకి మట్టి తోలించినారు చూడు, దాంట్లో వచ్చింటాది" అన్నాడు. ఆ ట్రాక్టర్ల మట్టి తోలించిందీ నేనే, 2015లో. చందా వసూలు చేసి మరీ.

ఆ రోజు మేము చేసుకున్న ఏర్పాటు ఇది. పండుగను బట్టి కాక వానను బట్టి పని. నేల తడిసేంత వాన పడిన రోజున, దగ్గరగా ఇల్లున్న మా పెద్దాయన పోయి తోట గోడ లోపలి వైపు బొగ్గుతో తేదీ వ్రాయాలి. అక్కడి నుండి మూడో ఆదివారం ఆరాధన అయిన తరువాత ఒక్క గంట. నాలుగో వారం దాటనివ్వకూడదు. మా వైపు ఏప్రిల్, మే నెలల్లో అశ్విని, భరణి కార్తెల్లో ఒకటి రెండు వానలు పడతాయి. అదే మొదటి మొలక. మన వాళ్ళంతా వదిలేసేది దాన్నే, అప్పుడు చేలల్లో పంట ఉండదు గనుక. దాన్ని వదిలితే జూన్ వానలకు అది పూసి, రాలి, రెండో తరం లేస్తుంది. తరువాత జూన్, జూలై వానలకు ఒకసారి, ఉత్తర, హస్త కార్తెల వానలకు మరొకసారి. దేశమంతటా ఆగస్టు 16 నుండి 22 వరకు పార్థీనియం అవగాహన వారోత్సవం జరుపుతారు. మంచిదే. కాని మా నేలలో ఆగస్టు దాకా ఆగితే అప్పటికి ఒక తరం రాలిపోయి ఉంటుంది.

మందు కొట్టే విషయంలో మాలో వాదన జరిగింది. మొలవక ముందే పెండిమిథాలిన్ కొట్టేస్తే పోలేదా అని యువకులు అడిగారు. గోడకు అవతల బోరు ఉంది, మేకలు దూరుతుంటాయి, పైగా ఏడాదికి మూడు సార్లు వానకు సరిగ్గా అందుకోవాలి. పెద్దలు వద్దన్నారు. ఒకామె ఉప్పు నీళ్ళు కొడదామంది. అది నిజమైన పద్ధతే, పది లీటర్ల నీళ్ళకు కిలోన్నర నుండి రెండు కిలోల ఉప్పు కలిపి కొడితే మొక్క మాడుతుంది. కాని ఉప్పు నేలలోనే ఉండిపోతుంది, అక్కడ మరేమీ పెరగదు. గేటు ముందు దారి అంచుకు మాత్రం ఒకసారి కొట్టి చూశాము. లోపల వేపచెట్లు ఉన్నాయి, వాటి జోలికి పోలేదు. మిగతాదంతా చేతులతోనే. వాన మరుసటి రోజుల్లో నేల మెత్తగా ఉంటే ఆ చిన్న చక్రం వేరుతో సహా పట్టుకుంటే వస్తుంది. కోస్తే మొదలు నుండి మళ్ళీ చిగురిస్తుంది, పెరకాల్సిందే. చేతులకు గ్లవ్స్, అవి లేనివారు ప్లాస్టిక్ కవర్లు, నిండు చేతుల చొక్కా, ముక్కుకు గుడ్డ. దురద ఉన్నవారు, ఉబ్బసం ఉన్నవారు, పిల్లలు రాకూడదు. పూత లేని మొక్కలను దిబ్బలో వేసి ఎరువు చేయవచ్చు. పూసినవి దిబ్బలో వేస్తే ఆ ఎరువుతో పాటు చేనంతా చల్లుకున్నట్లే.

చెప్పినంత సులువుగా జరగలేదు. మే నెలలో మొదటి సారి పదహారుమంది వచ్చారు. జూలైలో అయిదుగురం. అది విత్తనాల సమయం, ఎవరి చేలో వారికి పని, కూలికి మనిషి దొరకడు. ఈస్టరు అయిపోయాక సమాధుల తోటకు ఏం పని అని కొందరు బాహాటంగానే అన్నారు. అందులో ఒక ఆదివారం మా అయ్యగారు గోధుమలలో గురుగుల ఉపమానం మీద ప్రసంగించారు. యజమానుడు రెండింటినీ కోతవరకు ఎదగనివ్వమన్నాడు కదా. ఆరాధన అయిన వెంటనే ఒక తమ్ముడు, "పంతులమ్మా, మరి మనం ఎందుకు పెరకాల?" అన్నాడు. అందరూ నవ్వారు. మా పెద్దాయన, "ఒరే, ఆ చేలో గోధుమ ఉండాది. పెరికితే గోధుమ కూడా వస్తాదని ఆయప్ప ఆగమన్నాడు. మన దాంట్లో ఏ పంట ఉందిరా? పద, పార తీసుకో" అన్నాడు. అయ్యగారు కూడా చొక్కా చేతులు దించుకొని మాతో వచ్చారు.

మొదటి ఏడాది చివర చూస్తే నాకు ఏడుపే తక్కువ. ఎంత పెరికామో అంత మొలిచింది. నేలలో దాచుకున్న గింజలు ఒక ఏడాదితో అయిపోవని ఆ అబ్బాయి ముందే చెప్పి ఉన్నాడు గాని, చూస్తే నమ్మకం పోయింది. 2023లో మొదటి వాన తరువాత లెక్కకు సగం అనిపించింది. ఖాళీ అయిన నేలను ఊరికే వదలకూడదని గోడ వారంతా తగిరిస గింజలు, దారుల వెంట బంతి విత్తనాలు చల్లాము. ఈ రెండూ దట్టంగా లేస్తే వయ్యారిభామకు చోటు ఉండదు. బంతి విషయంలో నేను ఇంకో స్వార్థం కూడా చూసుకున్నాను, క్రిస్మసుకు గుడికి పూలు కొనే పని తప్పింది.

ఆ ఏడాది వానలు జోరు మీద ఉండగా గేటు బయటి మొక్కల మీద చిన్న పెంకు పురుగులు కనిపించాయి. తెల్లని ఒంటి మీద నల్లని గీతలు. ఆకులన్నీ జల్లెడ చేసేశాయి. ఇవి మెక్సికో పురుగులట. ఈ మొక్కను తినడానికే 1983లో మన దేశానికి తెప్పించి, పరీక్షించి, 1984లో బెంగళూరులో వదిలారు. మధ్యలో పొద్దుతిరుగుడు ఆకులు కూడా తింటున్నాయని కర్ణాటక రైతులు భయపడ్డారు గాని, చివరకు ఆ పంటకు వాటితో పెద్ద ప్రమాదం లేదని తేల్చారు. ఎండాకాలం మట్టిలో నిద్రపోయి, వానలు బాగా పట్టిన తరువాత లేచి వస్తాయి. అప్పటికి ముందు మొలిచిన మొక్కలు పూసే ఉంటాయి గనుక వాటిని నమ్ముకొని మేము కూర్చోలేము. అయినా వాటిని చూస్తే నాకు సంతోషం. గేటు బయట మేము పెరకని చోట అవి పని చేస్తున్నాయి.

వదినను మాత్రం పిలవలేదు. 2023లో పిలవలేదు, 2024లోనూ పిలవలేదు. పూచీ మాట ఒకసారి ఇచ్చాను, చాలు. ప్రతిసారీ పని అయిన తరువాత ఫోన్ చేసి ఎన్ని గంపలు వచ్చాయో చెప్పేదాన్ని. 2022 మేలో ఇరవై రెండు గంపలు. 2023 మేలో పది. 2024 మేలో మూడు. ఆమె "ఊఁ" అని వినేది, వేరే మాటలోకి దిగేది.

2025లో ఈస్టరు ఏప్రిల్ 20న వచ్చింది. పది రోజుల ముందు వదినే ఫోన్ చేసింది. "అక్టోబరులో ఎన్ని గంపలు వచ్చినాయి?" అని అడిగింది. "ఒక గంప కూడా నిండలేదు వదినా" అన్నాను. కాసేపు మాట లేదు. "సరే, నేను వస్తాండా" అంది. నేను రమ్మనలేదు, వద్దనలేదు. పోన్ పెట్టేసి మోకరించాను.

ఆ సారి మేము పండుగ ముందు రోజు కొడవలి పట్టలేదు, పొరక పట్టలేదు. సమాధులకు నీళ్ళు పోసి కడిగాము, అంతే. వదిన మేనకోడలిని తోడు తెచ్చుకొని ముందు రోజు రాత్రే వచ్చింది. నిండు చేతుల రవిక, కాళ్ళకు మేజోళ్ళు, తలకు ముఖానికి కలిపి కట్టిన తెల్లని నూలు గుడ్డ. చేతిలో కర్ర. తెల్లవారుజామున గేటు దగ్గర అలవాటుగా ఆగింది. లోపలికి చూసింది. వెనక సంవత్సరపు బంతి మొదళ్ళు ఎండి ఉన్నాయి, మిగతా నేల గట్టిగా, ఖాళీగా ఉంది. అప్పుడు లోపలికి వచ్చింది.

ఆరాధన అయ్యేవరకు అన్న సమాధి పక్కనే నిలబడింది. ఈసారి రాతిని ముట్టుకోలేదు. ప్రార్థన అయిన తరువాత ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఆమె దగ్గరకు వచ్చి చేతులు పట్టుకొని వందనాలు చెప్పారు. అందులో ఇద్దరు ఒకప్పుడు గుడిలో జరిగి కూర్చున్నవారే. వదిన అందరికీ వందనాలు చెప్పింది.

వెళ్ళబోతూ కర్రతో సమాధి తలాపున చూపించింది. రాతికి, నేలకు మధ్య నెరదలో అరచేయంత చక్రం ఒకటి నేలకు అతుక్కొని ఉంది. మేము నీళ్ళు పోసి కడిగిన చోట!

"అదో, మీ అన్న దగ్గరే ఒకటి పెట్టుకున్నారే" అంది.

కవరు చేతికి తొడుక్కొని పెరికాను. వేరుతో సహా వచ్చింది. వదిన నాలుగడుగులు వెనక్కి జరిగి, అది నేను మూట కట్టేదాకా చూసి, పది గంటల బస్సుకు టైమవుతుందని మేనకోడలిని కేకేసింది. మూడో రోజు నేను ఫోన్ చేస్తే ఎత్తింది మేనకోడలే. "మణికట్టు దగ్గర రవంత దురద అంది అత్తా. ముఖం బాగుంది. మగ్గం కాడ కండెలు చుట్టుతా ఉంది" అని చెప్పింది.

ఆ నెలాఖరులో వాన పడింది. మా పెద్దాయన గోడ మీద తేదీ వ్రాసి వచ్చాడు.